మూడు రోజుల సరంజామా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అక్టోబరు వచ్చిందంటే దసరా సందడి ఒకవైపు, ఆకాశం మీద అనుమానం ఒకవైపు. ఆ అనుమానం మాకు ఊరికే రాలేదు. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న నేరుగా మా మండలం మీదకే వచ్చింది. 1999 సంగతి ఎత్తితే అందరూ ఒడిశా సూపర్ సైక్లోన్ గురించే మాట్లాడతారు గానీ, దానికి పది పన్నెండు రోజుల ముందు, అదే అక్టోబరులో, గోపాల్‌పూర్ దగ్గరే ఇంకొకటి దాటింది. మా వైపు పెద్దవాళ్ళ నోట ఎక్కువగా వినిపించేది ఆ ముందు వచ్చినదే.

రుతుపవనాలు వెనక్కి మళ్ళే కాలం ఇది. బంగాళాఖాతం నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి, మబ్బుల్ని చెదరగొట్టే పైగాలులు నెమ్మదిస్తాయి. ఇక అల్పపీడనం పుడితే బలపడడానికి ఎన్నాళ్ళో పట్టదు. తిత్లీ 8వ తారీఖున వాయుగుండం, 9న తుఫాను, 10న అతి తీవ్ర తుఫాను. 11న కోడికూత వేళకి పలాస దగ్గర, వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి వైపు ఒడ్డెక్కింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి అన్నారు.

ఇలాంటిది వస్తోందని తెలియగానే వాట్సాప్‌లో ఒక జాబితా తిరగడం మొదలవుతుంది. కొవ్వొత్తులు, టార్చిలైటు, బిస్కెట్లు, రెండు క్యాన్ల నీళ్ళు, జ్వరం మాత్రలు, ఫోనుకి నిండా ఛార్జింగు, ముఖ్యమైన కాగితాలు ప్లాస్టిక్ సంచిలో. జాబితాలో తప్పేమీ లేదు. దాన్ని రాసినవాళ్ళ మనసులో ఉన్న తుఫాను మూడు రోజులది, అదొక్కటే చిక్కు. మాకు వచ్చే తుఫాను వారాల తరబడి ఉంటుంది, తోట ఉన్నవాడికైతే ఏళ్ళ తరబడి. ప్రభుత్వమైనా, మనమైనా ఇంకా ఆ మూడు రోజులకే సిద్ధపడుతున్నాం. నా గొడవంతా దాని గురించే.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు అధికారిక లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. ఇవాళ ఆ మాట వింటే నమ్మబుద్ధి కాదు. ఇప్పుడు 72 గంటల ముందు ఒక మాట, 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఒకటి, మెట్టు మెట్టుగా హెచ్చరికలు వస్తాయి. కళింగపట్నం రేవులో ఎన్నో నంబరు జెండా ఎగరేశారో మా ఊరి పిల్లలు కూడా చెబుతారు. తిత్లీ అప్పుడు సెల్‌ఫోన్లకి సందేశాలు వచ్చాయి, ఊళ్ళో దండోరా వేశారు, వేటకెళ్ళిన పడవల్ని వెనక్కి పిలిచారు. ఇదంతా ఏళ్ళ కష్టం. ఆ కష్టం వల్ల బతికిన వాళ్ళలో నేనూ ఒకణ్ణే కావచ్చు. అందుకే ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది. "ప్రాణాలు దక్కాయిగా, ఇంకేం కావాలి?" అంటారు. దక్కిన ప్రాణం మర్నాడు పొద్దున ఏం తాగాలి, వారం తరవాత ఏం తినాలి అన్నది కూడా తుఫానులో భాగమే కదండీ.

తిత్లీ అప్పుడు నేను దసరా సెలవు పెట్టుకుని విశాఖ నుంచి ఇంటికి వచ్చాను. కాశీబుగ్గలో బస్సు దిగి, ఆ జాబితాలో ఉన్నవన్నీ కొని సంచీ నిండా పట్టుకెళ్ళాను. బ్రెడ్డు, కొవ్వొత్తులు, దోమల చుట్టలు, పవర్ బ్యాంకు. మా నాయినమ్మ వాటిని ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టుకుని చూసింది. "ఇవెన్నాళ్ళొస్తాయిరా?" అంది. అంతే, మళ్ళీ తన పనిలో పడిపోయింది.

ఆవిడ పని అప్పటికే సగం అయిపోయింది. పెరట్లో రెండు గోలేలకి నిండా నీళ్ళు పట్టి, చెక్క మూతలు వేసి, మూతల మీద రుబ్బురోలు పొత్రం ఒకటి, ఇటుకలు కొన్ని పెట్టింది. ఎండిన కొబ్బరి కమ్మలు, మట్టలు, పిడకలు అన్నీ వంటింట్లోకి, వంటింట్లో చోటు చాలక మంచం కిందకి చేర్చింది. ఉప్పు, చింతపండు సీసాల్లోకి మార్చింది. ఉలవలు, ఎండు చేపలు ఉట్టికి ఎక్కించింది. గ్యాసు బండ ఉందిగా అంటే, "బండ అయిపోతే బండి రావాల, బండి రావాలంటే దారుండాల" అంది. చీకటి పడే ముందు నాన్నని పిలిచి పశువుల పలుపులు విప్పీమంది. కట్టేసిన గొడ్డు కొట్టం కూలితే అక్కడే పోతుంది, విప్పితే దాని తోవ అది చూసుకుంటుంది. ఈ మాట ఏ జాబితాలోనూ ఉండదు.

పాతకాలం వాళ్ళకి అన్నీ తెలుసని ఇదంతా చెప్పడం లేదు. అదే నాయినమ్మని పక్క ఊరి బడిలో పెట్టిన పునరావాస కేంద్రానికి రమ్మంటే ససేమిరా కదల్లేదు. మా దాబా గట్టిది కాబట్టి సరిపోయింది. రేకుల ఇళ్ళ వాళ్ళు ఇసుక బస్తాలు పైకెక్కించుకుని, అవి ఆపుతాయని నమ్మి, లోపలే ఉండిపోయారు. ఆవిడకి తెలిసిన ఒక్క సంగతి మాత్రం నాకు తెలియలేదు: గాలి వెళ్ళిపోయాక కూడా చాన్నాళ్ళు మనకి మనమే.

రాత్రి గురించి ఎక్కువ రాయను. గాలివాన చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా అందదు. ఒక్క సంగతి చెప్పాలి. మొదట గాలి ఈశాన్యం నుంచి కొట్టింది. గంటల తరబడి ఒకే వైపు నుంచి. తలుపు సందులోంచి చూస్తే తోటంతా ఒక పక్కకి వాలి ఉంది, కమ్మలన్నీ నైరుతి వైపు దువ్వినట్టు. తెల్లవారుజామున ఉన్నట్టుండి నెమ్మదించింది. చినుకు కూడా సన్నబడింది. నాన్న లాంతరు పుచ్చుకుని కొట్టం చూసొస్తానని గడియ మీద చెయ్యి వేశాడు. "ఆగరా బావూ, గాలింకా తిరగనేదు," అంది నాయినమ్మ. తుఫాను కన్ను అంటారే, అది మా మీదుగా పోతోందన్నమాట. కాసేపటికి గాలి తిరిగింది. ఈసారి నైరుతి నుంచి. రాత్రంతా ఒక వైపు వాలి వేళ్ళు వదులైన చెట్టుని రెండో వైపు నుంచి ఒక్కసారిగా తోస్తే ఏమవుతుంది? మాది ఇసుక నేల. కొబ్బరికి తల్లి వేరు ఉండదు, ఉన్నవన్నీ పీచు వేళ్ళే. పెళ్ళలతో సహా లేచిపోయాయి. వేరు పట్టు ఉన్నవాటికి తల తిరిగిపోయి, మొవ్వు విరిగి, మొండెం ఒక్కటే నిలబడింది.

వెలుతురు వచ్చాక అరుగు మీద నిలబడితే సముద్రం కనపడింది. మా ఇంటి అరుగు మీంచి సముద్రం కనపడడం మా నాన్న కూడా పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మధ్యలో తోటలు ఉండేవి.

ఇక్కడితో టీవీ వాళ్ళ తుఫాను అయిపోయింది. అది ఒడిశా వైపు మళ్ళింది. గజపతి జిల్లా బరఘరలో వానకి భయపడి కొండ గుహలో తలదాచుకున్న వాళ్ళ మీద కొండచరియలు విరిగిపడ్డాయి. మహేంద్రగిరి మీద కురిసిన వాన వంశధారకి, మహేంద్రతనయకి వరదై దిగింది. కెమెరాలు వాటి వెంట వెళ్ళాయి. రెండు నెలల ముందే కేరళ వరదలకి దేశమంతా కదిలి ఉంది, మాకు వచ్చేసరికి ఆ ఓపిక అయిపోయిందేమో.

మాకు మొదలైంది నీళ్ళతో. ఈ నీళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళు "బావులు లేవా?" అని అడుగుతారు. ఉన్నాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చి చెప్పినవాళ్ళు లేరు గానీ, నీళ్ళ మీద అనుమానంతో జనం బావుల్ని ఏనాడో వదిలేశారు. కొబ్బరాకు, పాచి నిండి ఉంటాయి. తాగడానికి శుద్ధి ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను, వాడుకకి ట్యాంకు నీళ్ళు. ప్లాంటుకి కరెంటు కావాలి. ట్యాంకు నింపే మోటారుకి కరెంటు కావాలి. సిమెంటు స్తంభాలు వరసగా నడుముకి విరిగి, తీగెలు మట్టలతో పెనవేసుకుని రోడ్డంతా పరిచి ఉన్నాయి. అంటే ఒక్క దెబ్బకి కరెంటూ, నీళ్ళూ, దారీ మూడూ పోయాయి. నేను తెచ్చిన పవర్ బ్యాంకు ఫోనుకి ఛార్జింగు ఇచ్చింది, ఫోనుకి సిగ్నలు లేదు.

ఎక్కడి నుంచో డీజిలు జనరేటరు అద్దెకి వచ్చింది. గంటకి ఇంతని. అది మోటారు దగ్గర పెట్టి ట్యాంకు నింపాలి, నిండగానే పక్క ఊరు వాళ్ళు బండి కట్టుకుని సిద్ధంగా ఉంటారు. ఇంటికింత వేసుకున్నాం. వేసుకోలేని ఇళ్ళు కూడా ఉన్నాయి, వాళ్ళకి బిందె నింపొద్దని ఎవరూ అనలేదు, కానీ వాళ్ళు బిందె పట్టుకుని వరసలో చివర నిలబడడం నేను చూశాను. పంచాయతీకి ఒక జనరేటరు ఎంతవుతుంది? ప్రతి ఏడూ అక్టోబరు మొదటి వారంలో దాన్ని ఒకసారి నడిపి చూడడానికి ఎంతవుతుంది? ఇది పెద్ద ఇంజినీరింగు అడిగే సమస్య కాదు.

నీళ్ళు లేని ఆ రోజుల్లో మా ఊళ్ళో కొరత లేని పదార్థం ఒక్కటే, కొబ్బరి బొండాలు. ఎక్కడ చూసినా నేల మీద గుట్టలు. పిల్లలకి దాహమేస్తే బొండం, చుట్టానికి బొండం, రోడ్డు మీద చెట్లు నరకడానికి వచ్చిన వాళ్ళకి బొండం. మా మేనమామ ఒక్కడే వాటిని ముట్టుకోడానికి వీల్లేదు. ఆయనకి అప్పటికి రెండు కిడ్నీలూ పాడై, వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. కిడ్నీలు పని చేయని మనిషికి కొబ్బరి నీళ్ళలో ఉండే పొటాషియం విషంతో సమానం, గుండె ఆగిపోవచ్చు. అరుగు మీద కూచుని, చుట్టూ బొండాలు, గిన్నెలో కొలిచి పోసిన నీళ్ళు తాగుతుండేవాడు.

తుఫాను వచ్చింది గురువారం. మావయ్య వంతు శుక్రవారం. శుక్రవారం నాటికి ఊరి నుంచి తారు రోడ్డు దాకా అడుగడుక్కీ చెట్టే. "గాలికి బయ్యపడనేదురా నాను. రేపెలా ఎల్లాలన్నదే నా బయ్యం," అన్నాడు గురువారం సాయంత్రం. మర్నాటికే కాళ్ళు పొంగాయి, రాత్రి పడుకుంటే ఆయాసం, కూచునే ఉన్నాడు. ఊళ్ళో కుర్రాళ్ళు గొడ్డళ్ళతో మొదలుపెట్టారు. తడి కొబ్బరి మాను గొడ్డలికి లొంగదు, పీచు పీచుగా లేస్తుందే తప్ప తెగదు. ఎవరి దగ్గరో ఒక్క పెట్రోలు రంపం ఉందని తెలిసి దాన్ని తెచ్చారు. బండి పట్టేంత సందు చేసి, మావయ్యని మధ్యలో కూచోబెట్టి, మాను అడ్డొచ్చిన చోట దించి ఇద్దరు చంకల కింద చేతులేసి దాటించి, మళ్ళీ ఎక్కించి, శనివారం పొద్దెక్కాక పలాస చేర్చారు. బతికాడు. కానీ ఆ శుక్రవారం, శనివారం ఉద్దానంలో ఎన్ని అరుగుల మీద ఎంతమంది కాళ్ళు పొంగి కూచుని ఉంటారు? తరవాత పోయినవాళ్ళుంటే వాళ్ళు ఏ లెక్కలోకి వచ్చి ఉంటారు? "జబ్బు మనిషి, పోయాడు" అనుకుని ఉంటారు.

ఇక్కడ నాకు అర్థం కానిది ఒకటుంది. తుఫాను వస్తోందంటే నెలలు నిండిన గర్భిణుల పేర్లు రాసుకుని, ముందే ఆసుపత్రులకి చేర్చే పద్ధతి మన దగ్గర ఉంది. చాలా మంచి పద్ధతి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ పేర్లు, ఊళ్ళు, ఎవరు ఏ రోజు వస్తారు అన్నది అంతకంటే కచ్చితంగా రాసి ఉంటుంది, ఎందుకంటే వాళ్ళు వారం వారం వస్తూనే ఉంటారు. ఆ కాగితం చూసి, హెచ్చరిక వచ్చిన రోజే వాళ్ళని పట్నానికి తెచ్చి, నాలుగు రోజులు ఒక హాస్టల్లోనో కళ్యాణ మండపంలోనో ఉంచడానికి అడ్డేమిటి? తిత్లీకి పేరు పెట్టిన 9వ తారీఖు నుంచి 11 తెల్లవారుజాము దాకా దారులన్నీ బాగానే ఉన్నాయి. మావయ్యని కారులో తీసుకెళ్ళొచ్చు.

చెట్ల సంగతికి వస్తే, ఉద్దానంలో కొబ్బరి చెట్టుని ఇంటికి పెద్దకొడుకు అంటారు. పిల్ల పెళ్ళికి, పిల్లాడి ఫీజుకి, ఆసుపత్రికి అప్పు పుట్టేది దాన్ని చూసే. కోటలా ఉండే తోటలో కింద జీడిమామిడి, పనస, మునగ, అరటి. మనిషిని కేంద్రానికి తరలించొచ్చు, తోటని ఎక్కడికి తరలిస్తాం? ఆ చెట్టు పడ్డాక పరిహారం లెక్క మొదలవుతుంది. పడినది పడినట్టు రాస్తారు, బాగానే ఉంది. మొవ్వు విరిగి మొండెం నిలబడ్డదాన్ని ఏం రాయాలి? అది చచ్చినట్టే, కొబ్బరికి పక్క కొమ్మ రాదు, ఉన్న ఒక్క మొవ్వు పోతే అంతే. కానీ దూరం నుంచి చూసేవాడికి అది నిలబడ్డ చెట్టు. ఈ ఒక్క సంగతి మీద మా ఊళ్ళో లెక్క రాయడానికి వచ్చినవాళ్ళకీ రైతులకీ జరిగిన వాదన ఒక పూట పట్టింది. ఇక కౌలుకి చేసుకున్నవాడు ఏమయ్యాడంటారా? చెట్టు ఎవరి పాసు పుస్తకంలో ఉందో డబ్బు వాళ్ళకి. ఫలసాయం పోయింది మాత్రం ఇతనికి.

చెక్కుచెదరకుండా నిలబడ్డ చెట్టు కూడా గట్టెక్కినట్టు కాదు. పిందె రాలిపోతుంది, కమ్మ చీలికలవుతుంది, కాపు రెండు మూడేళ్ళు కోలుకోదు. పడిన మానులు అలా వదిలేస్తే కుళ్ళి, వాటిలో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, ఆ పురుగు మిగిలిన చెట్ల మొవ్వు తొలుస్తుంది. అందుకని నరికి తీసెయ్యాలి. తీసెయ్యడానికి యంత్రం కూలి, మనుషుల కూలి. కొబ్బరి మానుని కొనేవాడు లేడు. దేశవాళీ మొక్క పెడితే ఆరేడేళ్ళకి గానీ కాయదు. ఆ ఆరేడేళ్ళు ఏం తినాలన్న ప్రశ్నకి జవాబుగా మా ఊరి కుర్రాళ్ళు విశాఖ, హైదరాబాదు రైళ్ళు ఎక్కారు. మా తీరం మత్స్యకారులు వేట కోసం గుజరాత్ వేరావల్ దాకా వలస వెళ్ళడం పాత సంగతే. తోటలున్నవాళ్ళు ఊరు విడవడం మాత్రం మేం కొత్తగా చూశాం.

హుద్‌హుద్ తరవాత విశాఖలో ప్రపంచ బ్యాంకు రుణంతో కరెంటు తీగెల్ని భూమిలోకి దించారు. నేను ఉండేది అక్కడే, ఆ సుఖం నాకూ అందింది, కాదనను. తిత్లీ తరవాత మా ఊళ్ళో విరిగిన స్తంభాల పక్కనే అలాంటి స్తంభాలే మళ్ళీ పాతారు. పాతిన లైనుమెన్లు రాత్రీ పగలూ పని చేశారు, వాళ్ళకి మా ఊరు అన్నం పెట్టింది. తప్పు వాళ్ళది కాదు. ఊరూరా తీగెలు భూమిలో వెయ్యలేరు, ఖర్చు నాకూ తెలుసు. కనీసం నీళ్ళ ట్యాంకుకీ, ఆసుపత్రికీ వెళ్ళే ఒక్క లైను వేయొచ్చు కదా. ఇప్పుడు హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో ఉద్దానానికి వస్తున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. రెండూ ఎన్నో ఏళ్ళుగా అడిగినవి. ఆ నీళ్ళు ఇంటి దాకా రావాలన్నా కరెంటే కావాలి, ఆ ఆసుపత్రికి చేరాలన్నా చెట్టు పడని దారే కావాలి.

నాన్న మళ్ళీ కొబ్బరే పెట్టాడు. నేను వద్దన్నాను, ఇద్దరికీ మాటలు పెరిగాయి. చివరికి ఒక మడి కొబ్బరి, సముద్రం వైపు గట్టు మీద సరుగుడు వరస, మిగతాది జీడి. జీడి మూడు నాలుగేళ్ళకే పిక్క ఇస్తుంది, విరిగినా మొదలు నుంచి చిగురేస్తుంది. సరుగుడు గాలికి పూర్తిగా అడ్డం కాదు గానీ కొంత విరుస్తుంది. నర్సరీ మొక్కలు ఉచితంగా పంచినప్పుడు ఈ మాట చెప్పినవాళ్ళు లేరు. పోయిన చెట్టుకి బదులు చెట్టు ఇచ్చారు, అంతే.

2021 సెప్టెంబరు 26న గులాబ్ వచ్చింది. కళింగపట్నానికి ఉత్తరాన దాటింది, తిత్లీ అంత బలమైనది కాదు. హెచ్చరిక వినగానే మావయ్య ఎవరినీ అడగలేదు. లుంగీ, తువ్వాలు, మందుల సంచీ, రిపోర్టుల ఫైలు పట్టుకుని ముందురోజు మధ్యాహ్నానికే పలాసలో బావమరిది ఇంటికి వెళ్ళిపోయాడు. "నా పునరావాస కేంద్రం నానే సూసుకున్నాన్రా," అని ఫోను చేసి నవ్వాడు. ఆయనకి పలాసలో బావమరిది ఉన్నాడు. పక్క వీధిలో ఆయనతో పాటే డయాలసిస్‌కి వెళ్ళే ఒకావిడకి పట్నంలో ఎవరూ లేరు. ఆవిడ ఆ రాత్రి ఊళ్ళోనే ఉండిపోయింది. గాలి తక్కువగా ఉండబట్టి దారి మూసుకుపోలేదు, తన వంతు రోజున ఆటోలో వెళ్ళి వచ్చింది. ఆవిడ పేరూ, ఊరూ, వంతు రోజూ అన్నీ రాసి ఉన్న రిజిస్టరు పలాసలోనే ఉంది. హెచ్చరిక వచ్చిన రోజు దాన్ని తెరిచే పని ఎవరిదో ఒకరిదని వచ్చే అక్టోబరులోపు తేల్చమనే మా పంచాయతీ నుంచి అర్జీ పెడుతున్నాం.